ప్రభుత్వమే యజమాని అయిన చోట జీతాల తగవు ఎవరు తీర్చాలి?

ప్రశ్న:

ప్రభుత్వ ఆసుపత్రుల్లోనో, పాఠశాలల్లోనో, రవాణా సంస్థల్లోనో జీతాల విషయమై సమ్మె నోటీసు వెలువడిన ప్రతిసారీ చర్చ రెండు మాటల దగ్గరే ఆగిపోతోంది. ప్రజలను ఇబ్బంది పెట్టి జీతాలు పెంచుకోవడం ఏమిటని ఒక పక్షం అడుగుతుంది. మా జీతాలు బిగబట్టి సేవలు ఎంతకాలం నడుపుతారని మరో పక్షం అడుగుతుంది. రెండింటిలోనూ నిజం ఉంది కాబట్టి ఆ వాదన ఎన్నటికీ తెగదు.

నా సందేహం ఆ వాదన వెనక ఉన్న ఏర్పాటు గురించి. ప్రైవేటు సంస్థలో జీతాల తగవు ముదిరితే ఇరుపక్షాలకూ ఒక హద్దు ఉంటుంది. ఉత్పత్తి ఆగితే యజమాని ఆదాయం పోతుంది, సంస్థ మూతపడితే కార్మికుడి ఉపాధి పోతుంది, ఆ భయమే ఇద్దరినీ ఒక అంకె దగ్గరకు తెస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రి ఆగితే నష్టపోయేది రోగి. ప్రభుత్వానికి ఆదాయం ఆగదు సరికదా, సమ్మె రోజుల జీతాలు ఖజానాలోనే మిగిలిపోతాయి. పైగా జీతం ఇచ్చే ప్రభుత్వమే ఆ సమ్మెను నిషేధించగలదు. ఇటువంటి చోట న్యాయమైన జీతం ఎంతో ఎవరు, ఏ ప్రాతిపదిక మీద తేల్చాలి? ఉద్యోగులకు సమ్మె హక్కు ఇవ్వకుండా వారికి న్యాయం చేయగలిగిన పద్ధతి ఎక్కడైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం:

మీరు చెప్పిన చిక్కంతా ప్రభుత్వం ఒకేసారి మూడు స్థానాల్లో ఉండడం వల్ల వస్తోంది. ఉద్యోగికి అది యజమాని, పౌరుడికి సేవ అందించవలసిన బాధ్యత దానిదే, ఏ సమ్మె చట్టబద్ధమో నిర్ణయించే అధికారమూ దానిదే. యజమానిగా తన వాదన నిలవదని తోచినప్పుడు చట్టాన్ని చేతిలోకి తీసుకునే వీలు దానికి ఎప్పుడూ ఉంటుంది. 1981 ఆగస్టులో అమెరికాలో విమానాల రాకపోకలను నియంత్రించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు సమ్మెకు దిగినప్పుడు అధ్యక్షుడు రీగన్ 48 గంటల గడువు పెట్టి, తిరిగి విధుల్లో చేరని 11,000 మందికి పైగా ఉద్యోగులను తొలగించారు. 2003 జూలైలో తమిళనాడు ప్రభుత్వం లక్షకు పైగా ఉద్యోగులను సమ్మె చేసినందుకు తొలగించింది. ఆ వివాదంలోనే సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు గాని, చట్టబద్ధమైన హక్కు గాని, నైతిక హక్కు గాని లేదని పేర్కొంది. రెండు చోట్లా సమ్మె ఆగింది, కానీ సమ్మెకు దారితీసిన అసంతృప్తి ఆగలేదు. అమెరికాలో పాత సంఘం గుర్తింపు రద్దయ్యాక ఆరేళ్లు తిరగకుండానే, 1987లో, వారి స్థానంలో చేరిన కంట్రోలర్లు మళ్లీ సంఘం పెట్టుకున్నారు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ ఈ విషయంలో తీసుకున్న వైఖరి నాకు సబబుగా కనిపిస్తుంది. ఆగిపోతే ప్రాణానికో, ఆరోగ్యానికో, భద్రతకో ముప్పు తెచ్చే అత్యవసర సేవల్లో సమ్మెను పరిమితం చేయవచ్చునని, నిషేధించవచ్చునని కూడా అది అంగీకరిస్తుంది. అయితే అలా హక్కు కోల్పోయినవారికి బదులుగా నిష్పాక్షికమైన, త్వరితమైన రాజీ ప్రయత్నమూ, ఇరుపక్షాల వాదన విని మూడో వ్యక్తి తీర్పు చెప్పే ఆర్బిట్రేషనూ అందుబాటులో ఉండాలని షరతు పెడుతుంది. ఆ సంస్థ 1978 నాటి 151వ ఒడంబడిక కూడా, ప్రభుత్వ సేవల్లో ఉద్యోగ నిబంధనలపై వచ్చే వివాదాలు చర్చల ద్వారా గాని, ఇరుపక్షాల విశ్వాసం పొందే స్వతంత్ర యంత్రాంగం ద్వారా గాని తీరాలని చెబుతుంది.

దీనికి గట్టి ఉదాహరణ జర్మనీ. అక్కడ శాశ్వత అధికారిక హోదా గల ఉద్యోగులకు, వారిలో చాలామంది ఉపాధ్యాయులకు కూడా, సమ్మె హక్కు లేదు. 2018లో రాజ్యాంగ న్యాయస్థానం, 2023 డిసెంబరులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఆ నిషేధాన్ని సమర్థించాయి. కానీ అదే రాజ్యాంగం వారికి హోదాకు తగిన జీవనభృతి ఇవ్వవలసిన బాధ్యతను రాజ్యం మీద పెట్టింది, ఆ బాధ్యత నెరవేరిందో లేదో న్యాయస్థానం లెక్క చూస్తుంది. 2015లో సాక్సనీ-అన్‌హాల్ట్ రాష్ట్రంలో న్యాయమూర్తుల జీతాలు కొన్ని సంవత్సరాలపాటు రాజ్యాంగం కోరిన స్థాయికంటే తక్కువగా ఉన్నాయని తీర్పు వచ్చింది. ఆ తీర్పులో ధరల సూచీ, సాధారణ జీతాల సూచీ, ఇతర రాష్ట్రాల జీతాలు వంటి కొలమానాలను న్యాయస్థానం స్పష్టంగా పేర్కొంది. మీరు అడిగిన ప్రాతిపదిక అంటే ఇటువంటిదే.

రెండవ సమాధానం:

పై సమాధానంలోని చరిత్రతో నాకు పేచీ లేదు, జీతం ఎంతో బయటివారు తేల్చాలన్న ముగింపుతో ఉంది. జీతాల పెంపు అంటే ఎవరో ఒకరు పన్ను ఎక్కువ కట్టాలి, లేదా మరో పద్దులో కోత పడాలి. ఆ ఎంపిక చేయవలసినవారు ఓటర్లకు జవాబు చెప్పే ప్రతినిధులు. ఒక ఆర్బిట్రేటరు తీర్పు ఇచ్చి వెళ్లిపోతాడు, ఆ తీర్పుకు డబ్బు సమకూర్చేటప్పుడు ఎదురయ్యే ప్రశ్నలు అతనికి తగలవు. భారతదేశంలో కేంద్ర ఉద్యోగుల కోసం 1966లో ఏర్పడిన ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగంలో నిష్పాక్షికమైన తీర్పు, ప్రతినిధుల అధికారం అనే ఈ రెండు అవసరాలనూ కలిపే ప్రయత్నం ఉంది. జీతభత్యాలు, వారపు పనిగంటలు, సెలవులు అనే అంశాలపై చర్చలు విఫలమైతే విషయం తప్పనిసరి ఆర్బిట్రేషన్‌కు వెళ్తుంది, తీర్పును మార్చే అధికారం మాత్రం పార్లమెంటుకే ఉంటుంది. అంతకు మించి ఇవ్వడం ప్రజాస్వామ్యంలో కుదరదని నా అభిప్రాయం.

అయితే ఉద్యోగుల వ్యతిరేకులు తరచూ చేసే ఒక వాదన తప్పని కూడా చెప్పాలి. ఉత్పాదకత పెరగనిదే జీతం పెంచకూడదంటారు. ఆర్థికవేత్త విలియం బౌమోల్ 1960లలోనే దీనికి జవాబిచ్చాడు. యంత్రాలు వచ్చి కర్మాగారంలో ఒక మనిషి గంటలో తయారు చేసే వస్తువులు ఎన్నో రెట్లు పెరుగుతాయి, అక్కడి జీతాలూ పెరుగుతాయి. ముప్పై మంది పిల్లలకు పాఠం చెప్పడానికి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక ఉపాధ్యాయుడూ, ఒక గంటా కావాలి. ఆ ఉపాధ్యాయుడి జీతాన్ని ఉన్నచోటే ఉంచితే అతడు వేరే ఉద్యోగానికి వెళ్తాడు, పెంచితే సేవ ఖరీదు పెరుగుతుంది. ఈ ఖరీదు పెరగడం సిబ్బంది సోమరితనానికి గుర్తు కానే కాదు. పాలకులు ఈ సంగతిని ప్రజలకు దాచకుండా చెప్పి పన్ను అడగాలి.

మూడవ సమాధానం:

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. పై ఇద్దరూ జీతాల అంకె గురించి రాశారు. అంకె తేలకముందు, తేలిన తర్వాత వార్డులో ఏం జరుగుతుందో నేను రాస్తాను.

జీతం నచ్చనివాళ్లు అందరూ సమ్మె చేయరు. చాలామంది సెలవు పెట్టి, మరోచోట చేరి, రాజీనామా పంపుతారు. ఆ పోస్టు ఖాళీగా ఉండిపోతుంది లేదా కాంట్రాక్టు మీద సగం జీతానికి నిండుతుంది. ఇద్దరు ఉండవలసిన రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉన్నప్పుడు, ఒక మంచం దగ్గర సెలైన్ మారుస్తుండగా మూల మంచం మీది రోగికి ఆయాసం మొదలైతే, ఏది వదిలి ఎటు వెళ్లాలో ఆ క్షణంలో తేల్చుకోవలసింది మేమే. తెల్లవారి కేసు షీటులో ఇంజెక్షన్ ఆలస్యమైందని రాస్తాం, ఎందుకు ఆలస్యమైందో రాసే గడి అందులో ఉండదు. సమ్మె జరిగిన రోజులు వార్తల్లోకి వస్తాయి కాబట్టి అందరికీ లెక్క ఉంటుంది. ఖాళీ పోస్టుల వల్ల రోజూ ఆగే సేవకు లెక్క కట్టేవారు లేరు. ప్రజలకు ఇబ్బంది అనే మాటను తూకంలో పెట్టేటప్పుడు దయచేసి ఈ రెండో ఇబ్బందిని కూడా పెట్టండి.

ఇంకొక మాట. కాంట్రాక్టు సిబ్బందికి ప్రభుత్వం నేరుగా యజమాని కాదంటారు, ఏజెన్సీని అడిగితే ప్రభుత్వం బిల్లు విడుదల చేయలేదంటుంది. వేతన సవరణ సంఘాలు సాధారణంగా పర్మనెంటు స్కేళ్ల గురించే మాట్లాడతాయి. అదే వార్డులో అదే పని చేసేవారికి ఏ చర్చల బల్ల దగ్గరా చోటు లేకుండా న్యాయమైన జీతం తేలిందని ఎలా అంటాం?

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ ధన్యవాదాలు, ముఖ్యంగా నర్సు గారికి. ఆర్బిట్రేషన్ మీద ఒక అనుమానం మిగిలింది. చివరికి మూడో మనిషే తేల్చుతాడని తెలిస్తే ఇరుపక్షాలూ నిజాయితీగా బేరమాడతాయా?

మొదటి సమాధానం రాసినవారు:

ఆ ప్రమాదం నిజమే. ఆర్బిట్రేటరు ఇద్దరి అంకెలకూ మధ్యలో కోస్తాడని ఊహించి సంఘం ఎక్కువ అడుగుతుంది, ప్రభుత్వం తక్కువ చెబుతుంది, ఇద్దరూ తమ అంకె నుంచి కదలరు. దీనికి విరుగుడుగా అమెరికాలో కొన్ని రాష్ట్రాలు పోలీసుల, అగ్నిమాపక సిబ్బంది వివాదాల్లో తుది ప్రతిపాదన పద్ధతిని తెచ్చాయి. అందులో ఆర్బిట్రేటరు రెండు ప్రతిపాదనల్లో ఒకదాన్ని యథాతథంగా ఎంచుకోవాలి, మధ్యలో అంకె చెప్పడానికి వీల్లేదు. అతిగా అడిగినవారు ఓడిపోతారు కాబట్టి ఇద్దరూ ముందే దగ్గరకు వస్తారని దాని ఆశయం.

రెండవ సమాధానం రాసిన మిత్రుల అభ్యంతరానికి నా జవాబు బ్రిటన్ అనుభవంలో ఉంది. అక్కడి వేతన సమీక్షా మండళ్లు సిఫారసు మాత్రమే చేస్తాయి, తుది మాట ప్రభుత్వానిదే. 2023 జూలైలో ప్రభుత్వం ఆ ఏటి సిఫారసులను ఆమోదిస్తూనే, అందుకు కొత్తగా అప్పు చేయబోమని, శాఖలు తమ ఖర్చులను సర్దుకోవాలని చెప్పింది. అప్పుడు జీతం పెంపు భారం ఆ శాఖ అందించే సేవల మీదే పడుతుంది. కాబట్టి ఆర్బిట్రేటరు తీర్పును తిరస్కరించే అధికారాన్ని చట్టసభను ఉంచుకోనివ్వండి, కానీ తిరస్కరిస్తే కారణాలు సభలో చెప్పి ఓటు వేయాలి, అంగీకరిస్తే అదే తీర్మానంలో డబ్బు కూడా కేటాయించాలి. నర్సు గారు అడిగిన కాంట్రాక్టు సిబ్బంది ఆ తీర్పు పరిధిలోకి రాకపోతే, పెరిగిన జీతాలను తప్పించుకోవడానికి పోస్టులను కాంట్రాక్టుకు మార్చడం మరింత పెరుగుతుంది. అందుకని పరిధిని హోదాను బట్టి కాక, చేసే పనిని బట్టి నిర్ణయించాలని నేను అంటాను.