ఇద్దరు బాసులు, ఒకటే ఐసోమెట్రిక్: మ్యాట్రిక్స్‌లో ఎవరి మాట వినాలి?

పైపింగ్_పక్షి:
హైదరాబాద్‌లో ఓ మాదిరి ఈపీసీ కంపెనీలో (ప్లాంట్లు డిజైన్ చేసి, సామాను కొని, కట్టిచ్చేది) పైపింగ్ డిజైన్‌లో ఉన్నాను. మొన్నటిదాకా అంతా డిపార్ట్‌మెంట్ల లెక్కే. పైపింగ్, సివిల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎవరి హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) వాళ్లకి. ఏప్రిల్ నుంచి మ్యాట్రిక్స్ అన్నారు, అంటే హెచ్ఓడీకీ, ప్రాజెక్ట్ మేనేజర్‌కీ (పీఎం) ఇద్దరికీ జవాబు చెప్పాలి, రెండు పెట్టెలూ రెండు గీతలూ ఉన్న చార్టు ఒకటి మెయిల్‌లో పంపారు, అంతే.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే, సైట్‌లో పైపులు కోసి వెల్డ్ చేసే ఫ్యాబ్రికేటర్ పని లేక కూర్చున్నాడు, శుక్రవారానికి ఐసోమెట్రిక్‌లు (ఒక్కో పైపు లైనుకి గీసే డ్రాయింగ్‌లు) వదిలేయాల్సిందే అంటాడు పీఎం. పంపు వెండర్ దగ్గర్నుంచి ఫైనల్ డ్రాయింగ్ రాలేదు, నాజిల్ లోడ్లు (పంపు మూతి మీద పైపు ఎంత బలం మోపొచ్చో) తెలియకుండా స్ట్రెస్ చెక్ (పైపు మీద పడే ఒత్తిడి లెక్క) ఎలా చేస్తాం, నేను సంతకం పెట్టను అంటాడు హెచ్ఓడీ. ఎవరి కోణంలో వాళ్లు కరెక్టే, మధ్యలో నలిగేది నేను. పీఎం మాట వింటే అప్రైజల్ రాసేది హెచ్ఓడీ, హెచ్ఓడీ మాట వింటే వారం వారం క్లయింట్ మీటింగ్‌లో నా పేరే ఎర్ర రంగులో. ప్రాజెక్టుకో టీమ్‌ని విడిగా పెట్టేస్తే ఈ గోల ఉండదు కదా? మీ కంపెనీల్లో ఎలా నడుస్తోంది?

సైటుగాలి:
విడి టీమ్ పద్ధతిలోనే చాలాకాలం చేశాను బ్రో. మేం టాస్క్‌ఫోర్స్ అనేవాళ్లం. అన్ని డిసిప్లిన్లూ ఒకే హాల్లో, అందరికీ బాస్ పీఎం ఒక్కడే. కేబుల్ ట్రే నా పైపుకి అడ్డం వస్తే లేచి పక్క టేబుల్ దగ్గరికెళ్లి తేల్చుకోవడమే, మెయిళ్లు లేవు. పని చకచకా అవుతుంది, కాదనను.

కానీ దాని బాధ చివర్లో తెలుస్తుంది. ప్రాజెక్టు అయిపోవస్తుంటే జనం పని మానేసి తర్వాతి సీటు వెతుక్కుంటారు, ఎందుకంటే తిరిగి వెళ్లడానికి సొంత డిపార్ట్‌మెంట్ అంటూ లేదు. స్ట్రెస్ ఇంజనీర్‌ని ప్రాజెక్టుకొకడిని పెడితే సగం రోజులు ఖాళీ. ఇంకోటి, ఒక ప్రాజెక్టులో సపోర్టు డీటెయిల్ తప్పయి సైట్‌లో కోసి మళ్లీ వెల్డ్ చేస్తే, ఆ సంగతి పక్క ప్రాజెక్టు టీమ్‌కి చేరదు, వాళ్లూ అదే డీటెయిల్ వాడి అదే చోట కోస్తారు. దాన్ని పట్టుకునేది హెచ్ఓడీ అనేవాడే. అందుకని ఆయన సంతకం పెట్టనన్నాడని తిట్టుకోకు.

బెంచ్_బాబు:
మా ఐటీలో ఇది ఎప్పట్నుంచో ఉన్నదే, ఏదో కొత్త జబ్బు వచ్చినట్టు కంగారుపడుతున్నారు. క్లయింట్ ప్రాజెక్టులో ఒక మేనేజర్, ప్రాక్టీసులో (అంటే మన టెక్నాలజీ విభాగంలో) ఇంకొకడు. రోజూ పని చూసేవాడు రేటింగ్ ఇవ్వడు, రేటింగ్ ఇచ్చేవాడికి నేనేం చేస్తున్నానో తెలియదు. బిల్లింగ్ ఎవరి చేతిలో ఉందో వాడే అసలు బాసు. చార్టు గోడకి అంటించుకోవడానికి.

పాతకాపు:
బెంచ్ బాబు గారితో సగమే ఏకీభవిస్తాను. మన హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది, క్షిపణులు తయారుచేసే ప్రభుత్వ ల్యాబ్ డీఆర్‌డీఎల్. 1982లో కలాం గారు డైరెక్టర్‌గా వచ్చారు, మరుసటి ఏడాది పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్, నాగ్ అని అయిదు క్షిపణుల పని ఒకేసారి మొదలైంది. ప్రొపల్షన్, గైడెన్స్, స్ట్రక్చర్స్ నిపుణుల్ని అయిదు ముక్కలు చేసి పంచేంత మంది ఎక్కడున్నారు? అందుకే క్షిపణికో ప్రాజెక్ట్ డైరెక్టర్, అన్నిటికీ పనిచేసే టెక్నాలజీ విభాగాలు విడిగా. 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరాయి. మనుషులు తక్కువ, ప్రాజెక్టులు ఎక్కువ అయినచోట పుట్టే ఏర్పాటు ఇది, ఎవరో కన్సల్టెంట్‌కి సరదా పుట్టి పెట్టింది కాదు (కొన్ని కంపెనీల్లో సరదాకే పెడతారు, అది వేరే సంగతి).

అయితే మ్యాట్రిక్స్‌ని పొగిడినంతసేపు పట్టదు విప్పేయడానికి. 1988లో విద్యుత్ పరికరాలు చేసే స్వీడన్, స్విట్జర్లాండ్ కంపెనీలు రెండు కలిసి ఏబీబీ అయినప్పుడు ప్రపంచమంతా మ్యాట్రిక్స్ అంటే ఏబీబీయే అనేవారు. ఒక ఫ్యాక్టరీ మేనేజర్ ఆ దేశం హెడ్‌కీ, తన ఉత్పత్తికి ప్రపంచస్థాయి హెడ్‌కీ ఇద్దరికీ జవాబు చెప్పాలి. 1998 వచ్చేసరికి కొత్త సీఈఓ ప్రాంతాల అంచెని తీసేసి బిజినెస్ విభాగాలకే పగ్గాలిచ్చేశాడు.

కాబట్టి మీరు అడగాల్సింది మ్యాట్రిక్స్ మంచిదా చెడ్డదా అని కాదు. ఇద్దరికీ పడనప్పుడు తేల్చేది ఎవరు? ఎన్ని రోజుల్లో? మీ చార్టులో ఆ ముక్క లేదు, జబ్బు అక్కడుంది.

గేర్‌బాక్స్:
తేల్చే అధికారం కాగితం మీద ఉండి తీరాలనేం లేదండీ. టొయోటాలో చీఫ్ ఇంజనీర్‌ని చూడండి. కారు మొత్తానికి ఆయనే బాధ్యుడు, డిజైన్ చేసే వందల మంది మాత్రం బాడీ, ఇంజన్ విభాగాల కిందే ఉంటారు, ఆయనకి రిపోర్టు చెయ్యరు. 1966లో వచ్చిన మొదటి కరోలాకి చీఫ్ ఇంజనీరైన హసెగావా అంతకుముందు విమానాలు డిజైన్ చేసినవాడు. అలాంటివాడు వచ్చి అడిగితే విభాగం హెడ్ కాదనలేడు, విషయం తెలిసి అడుగుతాడు కాబట్టి. మన దగ్గర పీఎం అంటే ఎక్సెల్‌లో తేదీలు మార్చేవాడు, వాడికి హెచ్ఓడీ ఎందుకు లొంగుతాడు?

పైపింగ్_పక్షి:
గేర్‌బాక్స్ గారూ మా పీఎం మరీ అలాంటివాడు కాదు, సివిల్ నుంచి వచ్చాడు, కానీ నాజిల్ లోడ్ అంటే ఆయనకి పెద్దగా పట్టదు, నిజమే. పాతకాపు గారి ప్రశ్న ఇంజనీరింగ్ వీపీకి మెయిల్ పెడతాను, ఇద్దరినీ సీసీలో పెట్టి. అది తేలేలోగా శుక్రవారం వచ్చేస్తుంది, దానికేం చెయ్యను?

సైటుగాలి:
మొత్తం కట్ట ఒకేసారి ఎందుకు వదలడం? స్ట్రెస్ క్రిటికల్ లైన్ లిస్టు (స్ట్రెస్ చెక్ తప్పనిసరైన లైన్లది) ఉంటుంది కదా, దాంట్లో పంపు చుట్టూ ఉన్నవి పక్కన పెట్టు. ఆ లిస్టులో లేని యుటిలిటీ లైన్లు (నీళ్లు, గాలి లాంటివి), పైప్‌రాక్ మీద చిన్న సైజులు ముందు వదిలెయ్, వాటికి హెచ్ఓడీ అడ్డు చెప్పడు. పంపు లైన్లలో కూడా నాజిల్‌కి దూరంగా ఉన్న స్పూళ్ల (ముందే వెల్డ్ చేసిపెట్టే పైపు ముక్కల) సంగతి స్ట్రెస్ వాళ్లనడిగి, వాళ్లు సరేనంటే మిగతా దాని చుట్టూ డ్రాయింగ్‌లో క్లౌడ్ (మేఘంలాంటి గీత) గీసి హోల్డ్ (ఇప్పుడే చెయ్యొద్దని) పెట్టి ఇష్యూ చెయ్యొచ్చు. ఫ్యాబ్రికేటర్‌కి కొన్నాళ్లకి సరిపడా పని దొరుకుతుంది. ఇంతకీ ఆ పంపు వెండర్ వెంట ఎవరు పడుతున్నారు, ప్రొక్యూర్‌మెంటా (కొనుగోళ్ల విభాగం) మీరా?

పైపింగ్_పక్షి:
ప్రొక్యూర్‌మెంట్ వాళ్లు మేం అనుకుంటున్నారు, మేం ప్రొక్యూర్‌మెంట్ అనుకుంటున్నాం.