ఉక్కు వంతెన ఆయుష్షును తగ్గిస్తున్నది లారీ బరువా, తుప్పా?

గోదావరి గట్టు:
రాజమహేంద్రవరం–కొవ్వూరు మధ్య 1974 నాటి ఉక్కు వంతెనపై, కింద రైళ్లు, పైన రోడ్డు వాహనాలు తిరుగుతాయి. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుపై అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచినప్పటి నుంచీ ఇలాంటి వంతెనలు తొందరగా పాడవుతాయన్న వాదన వింటున్నాను. పెరిగింది 13 శాతం లోపే కదా! నా దృష్టిలో అసలు శత్రువు తుప్పు.

రిటైర్డు ఇంజినీరు:
మీ లెక్కలో ఒక పొరపాటు ఉంది. వెల్డింగు అతుకుల వద్ద లోహపు అలసట (పదేపదే పడే బరువుకు ఉక్కులో సన్నని పగుళ్లు పుట్టి పెరగడం) వల్ల కలిగే నష్టం, స్థూలంగా ఒత్తిడి హెచ్చుతగ్గుల ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 11.5ను 10.2తో భాగించి ఘనం కడితే సుమారు 1.43 వస్తుంది కనుక, నిండు బరువుతో వెళ్లే ఇరుసు ప్రతిసారీ మునుపటికంటే 43 శాతం ఎక్కువ నష్టం చేస్తుంది. అయితే ఇది రోడ్డు పలకను నేరుగా మోసే పొట్టి దూలాలకే బాగా వర్తిస్తుంది, ఎందుకంటే వాటిపై ప్రతి ఇరుసూ దాదాపు ఒక విడి దెబ్బే. పొడవాటి ప్రధాన భాగాలకు మాత్రం లారీ మొత్తం కలిపి ఒక్క దెబ్బగా లెక్క. మీరన్న వంతెనలో వాటికి రైలు బరువే పెద్దది.

సందేహి:
కూలిన వంతెనలు వేరే కథ చెబుతున్నాయి. 2007లో 13 మందిని బలిగొన్న అమెరికాలోని మినియాపోలిస్ వంతెన, ఉక్కు దూలాలను ఒకచోట కలిపే పలకలు (గస్సెట్ ప్లేట్లు) డిజైన్‌లోనే పలచగా ఉండటం వల్ల, మరమ్మతుల సామగ్రి బరువు పైన ఉన్న సమయంలో కూలింది. లోహపు అలసట దానికి కారణం కాదు.

రిటైర్డు ఇంజినీరు:
నిజమే, కానీ 1967లో ఓహియో నదిపై కూలి 46 మందిని బలిగొన్న సిల్వర్ బ్రిడ్జిని కూడా చూడండి. వంతెనను మోసే గొలుసులోని ఒక లింకు కడ్డీ చివరి రంధ్రం దగ్గర సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులు దానికి చాలింది. ఆ పగులును తుప్పూ, ఒత్తిడీ కలిసే పెంచాయి. ఒక పరిమితికి లోబడిన ఒత్తిళ్లు శుభ్రమైన ఉక్కును ఎన్నేళ్లయినా బాధించవు. తుప్పు గుంటలు పడ్డాక ఆ రక్షణ పోతుంది. అప్పుడప్పుడు వచ్చే ఓవర్‌లోడు లారీ ఆ పరిమితిని దాటినా అంతే, మిగతా మామూలు లారీల దెబ్బలూ లెక్కలోకి వస్తాయి.

గోదావరి గట్టు:
ఈ చివరి విషయం నాకు తెలియదు. 13 శాతం మాట వెనక్కి తీసుకుంటున్నాను. అలాగైతే మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణ ఓవర్‌లోడుకు విధించిన 20,000 రూపాయల జరిమానా, టన్నుకు మరో 2,000 కన్నా, అదనపు సరుకు దించాకే బండి కదలాలన్న నిబంధనే వంతెనకు ముఖ్యం. కాటాల దగ్గర అది ఎంతవరకు అమలవుతోందో లారీ రంగంలోని సభ్యులు చెప్పాలి.