ట్రాక్టర్ ట్రక్కుకి వెనక కెమెరా: ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి?

ఆకివీడు_గట్టు

అందరికీ నమస్కారమండి. రొయ్యల చెరువుల మీదకి మేత, సున్నం తోలే బండి. క్యాబిన్ లేని ట్రాక్టరు, 12 వోల్టుల బ్యాటరీ. వెనక రెండు చక్రాల జాకీ ట్రక్కు (జాకీతో తొట్టి పైకి లేచేది), తొట్టి 11 అడుగులు, పక్క పలకలు 2 అడుగుల ఎత్తు. గట్లు చాలాచోట్ల 10-12 అడుగుల వెడల్పే. తిప్పుకునే చోటు లేక రెండొందల గజాలు వెనక్కే రావాలి. దారిలో ఏరియేటర్ల (చెరువు నీళ్ళలోకి గాలి కలిపే మిషన్లు) కరెంటు వైర్లు, గుంజలు. వెనక నిలబడి "రైట్ రైట్... హోల్డాన్" అనే మనిషి ప్రతి ట్రిప్పుకీ దొరకడం లేదు.

అడిగేది ఏంటంటే, వైరుది మంచిదా, వైర్‌లెస్సా? తొట్టి లేచే బండికి కెమెరా ఎక్కడ బిగిస్తే బతుకుతుంది? రివర్స్ లైటే లేని ట్రాక్టర్‌కి కరెంటు ఎక్కణ్ణుంచి ఇవ్వాలి? దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు ఇదే ట్రక్కుకి వరిగడ్డి కూడా తోలతాం, అది కూడా చూసి చెప్పండి. 8 వేల లోపు అయిపోవాలి.

---

తణుకు_వైరింగ్

గట్టు గారూ, కార్లకి పెట్టే చిన్న బటన్ కెమెరా జోలికి వెళ్ళకండి. దాని వైరు చివర పసుపు రంగు ఆర్‌సీఏ పిన్ను ఉంటుంది. డ్యాష్‌బోర్డు లోపల దాక్కుని ఉండడానికి చేసిన పిన్ను అది, ఉప్పునీళ్ళ చెరువు గట్టు మీద ఒక వానాకాలం గడిచేసరికి పచ్చగా చిలుం పడుతుంది.

మీకు కావాల్సింది లారీలకి, బస్సులకి వాడే రకం. మరచుట్టు బిగించే 4 పిన్నుల గుండ్రటి కనెక్టరు ఉంటుంది, లోపల రబ్బరు రింగు ఉంటుంది. ప్లస్సు, ఎర్తు, వీడియో, ఆడియో నాలుగూ ఆ ఒక్క వైర్లోనే పోతాయి.

కొనేటప్పుడు డబ్బా మీద చూడాల్సినవి:

కెమెరా, మానిటరు రెండూ ఒకే రకం కావాలి. ఏహెచ్‌డీ (బొమ్మ స్పష్టంగా వచ్చే కొత్త రకం) కెమెరాని సీవీబీఎస్ అనే పాత రకం మానిటర్‌కి పెడితే బొమ్మ రాదు. 720పీ కెమెరా కొంటే మానిటరు కూడా 720పీ ఏహెచ్‌డీ తీసుకుంటుందని రాసి ఉందో లేదో చూడండి. కెమెరా పోయిందని దుకాణానికి తిరిగొచ్చే వాటిల్లో చాలావరకు ఈ పొరపాటే.

వోల్టేజీ 12-24 అని, ఇంకా మంచిదైతే 9-32 అని ఉంటుంది. ఉత్త 12 అని ఉన్నది వద్దు. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ పడిపోతుంది, ఆల్టర్నేటర్ ఎక్కితే 14 దాటుతుంది. ఎప్పుడైనా 24 వోల్టుల లారీ నుంచి జంపర్ వేశారా, చవక రకం అక్కడికక్కడే పోతుంది.

ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఆగుతుందని. ప్రెషర్ పంపు దెబ్బకి ఆగుతుందని కాదు. బండి కడిగేది పంపుతో అయితే ఐపీ69కే అని ఉన్నది చూడండి. లేదంటే కెమెరా వైపు పంపు తిప్పకుండా కడగాలి, అది కుర్రాళ్ళతో అయ్యే పని కాదు.

చూపు కోణం 120-130 డిగ్రీలు చాలు. 170 అని గొప్పగా రాసినది కొంటే గుంజ రెండు గజాల్లో ఉన్నా పది గజాల్లో ఉన్నట్టు కనపడుతుంది.

మానిటరు 7 అంగుళాలు. క్యాబిన్ లేదు కాబట్టి పైన ఎండ టోపీ ఉన్నదే తీసుకోండి, లేకపోతే ఏప్రిల్ మధ్యాహ్నం అందులో మీ మొహమే కనపడుతుంది.

కరెంటు సంగతి. రివర్స్ లైటు లేకపోవడమే మీకు మేలు. తాళం తిప్పితే వచ్చే ప్లస్సు నుంచి, మొదట్లోనే 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, ఒక స్విచ్చి మీదుగా మానిటర్‌కి ఇవ్వండి. కెమెరాకి కరెంటు మానిటరే పంపుతుంది. మానిటర్‌కి ఉండే రివర్స్ ట్రిగ్గర్ వైరుని (రివర్స్ వేస్తే బొమ్మ వచ్చేలా చేసేది) కూడా అదే స్విచ్చికి కలిపేస్తే ఆన్ చేసినంతసేపూ బొమ్మ ఉంటుంది. రెండూ కలిపి అర ఆంపియరు చుట్టుపక్కల తింటాయి. బ్యాటరీకి సూటిగా కలిపి మర్చిపోయారనుకోండి, రోజుకి 12 ఆంపియర్-అవర్లు. 75 ఏహెచ్ బ్యాటరీ అయినా మూడు నాలుగు రోజులకి సెల్ఫ్ ఎత్తదు.

---

పాలకొల్లు_షెడ్డు

బిగించే చోటు గురించి నేను చెప్తానండి.

వెనక డోరు మీద మాత్రం వద్దు. అది తెరుచుకుంటుంది, దబాల్న పడుతుంది, మట్టి దాని మీంచే జారుతుంది. డోరుకి అటూ ఇటూ నిలబడి ఉండే మూల స్తంభాలున్నాయి చూడండి, వాటిలో ఎడమ స్తంభం బయటి ముఖానికి, పై అంచుకి అరడుగు కింద బిగించండి. ఎడమే ఎందుకంటే, హైడ్రాలిక్ లివర్లు కుడిచేతి వైపు ఉంటాయి కాబట్టి డ్రైవరు మామూలుగా కుడి భుజం మీంచే వెనక్కి చూస్తాడు. ఎడమ మూలే కనపడదు. కెమెరాని కొంచెం లోపలికి, ఒక 10-15 డిగ్రీలు తిప్పితే కుడి మూల వెనక నేల కూడా బొమ్మలోకి వస్తుంది.

కిందికి ఎంత వంచాలన్నది కొలత పెట్టుకుని లాభం లేదు, మానిటరు చూస్తూ వంచండి. బొమ్మ కింది అంచున ట్రక్కు వెనక బీము రెండు వేళ్ళ మందం కనపడాలి. ఆ బీము కనపడకపోతే బండి ఎక్కడ ఆగిందో అంచనా దొరకదు.

బ్రాకెట్టు 40×40×5 మిల్లీమీటర్ల యాంగులర్ ముక్కతో చేయించుకోండి, డబ్బాలో వచ్చే రేకు పట్టీ గతుకుల్లో ఊగుతుంది. కెమెరాకి, యాంగులర్‌కి మధ్య 3 మిల్లీమీటర్ల రబ్బరు ముక్క. పాత ట్యూబు కోసి వేసినా సరిపోతుంది. అదురు తగ్గుతుంది, కెమెరా అల్యూమినియం, బ్రాకెట్టు ఇనుము ఒకదానికొకటి తగిలి ఉప్పుగాలికి తినేసుకోకుండానూ ఉంటాయి. బోల్టులు తుప్పు పట్టని స్టీలువి, 304 రకం, నట్లు నైలాన్ రింగు ఉన్నవి. పైన నాలుగంగుళాల రేకు టోపీ. రొయ్యలు పట్టే (పట్టుబడి) రోజున ట్రేల్లోంచి కారే నీళ్ళు అద్దం మీద పడకుండా అదే కాస్తుంది.

వెల్డింగ్ అంతా ముందే అయిపోవాలి. కెమెరా తగిలించి ఉంచి స్తంభానికి వెల్డింగ్ పెడితే ఆ కరెంటు వీడియో ఎర్తు గుండా వెళ్తుంది. ట్రక్కు ట్రాక్టర్‌కి తగిలించి ఉంటే బ్యాటరీ ఎర్తు కూడా తీసేయండి.

ఇక జాకీ ట్రక్కు గొడవ. తొట్టి లేస్తుంది, ఛాసిస్ లేవదు. వైరు ఎక్కడో ఒకచోట దీన్నుంచి దానికి దాటాలి. చాలామంది ముందు వైపు, జాకీ పక్క నుంచి దాటిస్తారు. అక్కడ తొట్టి ఐదారు అడుగులు లేస్తుంది కాబట్టి అంత వైరూ వదులుగా వేలాడాలి, అది ఎప్పుడో జాకీ కింద నలుగుతుంది. వెనక, తొట్టి తిరిగే పిన్ను పక్కన దాటించండి. అక్కడ లేవడం ఉండదు, తిరగడమే. ఒక అడుగు వైరు చుట్ట వదిలితే చాలు. స్తంభం లోపలి మూల వెంట కిందికి దిగి, పిన్ను పక్క చుట్ట తిరిగి, ఛాసిస్ ఛానెల్ లోపలి నుంచి ముందుకి రావాలి. ఛానెల్లో ముడతల గొట్టం తొడగండి, ఎలుకలకి కేబులు తొక్క మహా ఇష్టం. అడుగున్నరకి ఒక ట్యాగు. కన్నం వేసిన ప్రతిచోటా గ్రోమెట్టు (వైరు కోసుకుపోకుండా వేసే రబ్బరు రింగు).

---

లంక_బండి

షెడ్డు గారూ, స్తంభం మీద అంటే మేతకి, సున్నానికి సరే. వరిగడ్డి వేస్తే? గడ్డి తొట్టి దాటి వెనక్కి మూడడుగులు, పక్కకి రెండడుగులు వేలాడుతుంది. కెమెరాలో గడ్డే కనపడుతుంది. అప్పుడు వెనక బీము కింద, నేలకి రెండున్నర మూడడుగుల ఎత్తులో ఉన్నదే పనికొస్తుంది.

వైర్‌లెస్ గురించి కూడా ఎవరూ చెప్పలేదు. ఒక ట్రాక్టర్‌కి మూడు ట్రక్కులు మార్చేవాళ్ళకి డిజిటల్ వైర్‌లెస్సే సుఖం. అయస్కాంతం మీద అతుక్కునే బ్యాటరీ కెమెరాలు వస్తున్నాయి, ఏ ట్రక్కుకి కావాలంటే దానికి అంటిస్తాం. ఏంటెనా ఇనుప పలక వెనక దాగకుండా బయటికి ఉండాలి, బొమ్మ కన్ను రెప్పవేసేంత ఆలస్యంగా వస్తుంది. గట్టు మీద నడక వేగంలో వెనక్కి వచ్చేవాళ్ళకి అది పెద్ద తేడా కాదు. ఫోన్లో చూసే వైఫై కెమెరాలు మాత్రం వద్దు, ఎండకి ఫోను వేడెక్కి తెర మసకబారుతుంది, సరిగ్గా రివర్స్‌లో ఉండగా కాల్ వస్తుంది.

---

పాలకొల్లు_షెడ్డు

గడ్డి మాట నిజమే, నేను ఆలోచించలేదు. అయితే కెమెరా ఒకటే, బ్రాకెట్లు రెండు చేయించండి. ఒకటి స్తంభానికి, ఒకటి వెనక బీము కింద నడిమధ్యన. చెవుల నట్లు పెడితే పానా లేకుండా మారుతుంది. స్తంభం మీద ఉండే 4 పిన్నుల జాయింటుని బీము మూలలో పడేలా ఉంచితే రెండు చోట్లకీ అదే వైరు అందుతుంది. వాడని కనెక్టర్‌కి మూత తప్పనిసరి. కింద బిగించినప్పుడు తొట్టి ఎత్తి మట్టి దింపకండి, కప్పడిపోతుంది.

---

ఆకివీడు_గట్టు

చాలా థ్యాంక్సండీ. ఏహెచ్‌డీ సెట్టు తెచ్చాను, స్తంభం మీద బిగించడం అయింది. ట్రాక్టర్ వెనక 7 పిన్నుల సాకెట్ ఉంది కదా అని, అందులో ఖాళీగా ఉన్న 2వ పిన్నులోంచి ప్లస్సు, 3వ పిన్నులోంచి ఎర్తు తీసుకుని కెమెరాకి ఇచ్చాను. వీడియో వైరు ఒక్కటే వేరుగా లాగాను. బొమ్మ బాగానే ఉంది కానీ ఇండికేటరు వేస్తే టిక్కు టిక్కుమని బొమ్మ కూడా ఊగుతుంది, బ్రేకు తొక్కితే గీతలు. పైగా కుడి పక్క గుంజ తెరలో ఎడమ పక్క కనపడుతుంది. కెమెరా మార్చాలా?

---

తణుకు_వైరింగ్

కెమెరా బంగారంలా ఉందండి. తప్పు ఎర్తులో ఉంది.

3వ పిన్ను ట్రక్కు లైట్లన్నిటికీ ఉమ్మడి ఎర్తు. రెండు బ్రేకు బల్బులు 21 వాట్లవి కలిపి మూడున్నర ఆంపియర్లు అదే వైర్లోంచి వెనక్కి రావాలి. పిన్ను తుప్పు పట్టి 0.2 ఓమ్ అడ్డం ఉందనుకోండి, 0.7 వోల్టు అక్కడ పడిపోతుంది. మామూలు కెమెరాల వీడియో సిగ్నలు మొత్తం కలిపి 1 వోల్టే. బల్బు వెలిగినప్పుడల్లా కెమెరా నిలబడ్డ నేలే కదులుతుంటే బొమ్మ కదలక ఏం చేస్తుంది? హుక్కు పిన్ను, ఛాసిస్ ఇనుము ఎర్తుగా పనికొస్తుందని ఎవరైనా చెప్పినా వినకండి, గ్రీజు, రంగు, తుప్పు మీద ఆధారపడే ఎర్తు అది.

ఆ రెండు వైర్లూ పీకేయండి. కెమెరా సెట్టుతో వచ్చిన 4 పిన్నుల కేబులే మానిటరు దాకా అఖండంగా వెళ్ళాలి. ప్లస్సూ ఎర్తూ కూడా మానిటరు నుంచే రావాలి. మీ బండికి లెక్క వేస్తే మానిటరు నుంచి హుక్కు దాకా 3 మీటర్లు, హుక్కు నుంచి స్తంభం పైదాకా చుట్టతో కలిపి 7 మీటర్లు. కెమెరా ఇనుముకి తగిలి మళ్ళీ ఎర్తు అవకుండా షెడ్డు గారు చెప్పిన రబ్బరు ముక్క ఇక్కడ కూడా పనిచేస్తుంది, బోల్టులకి కూడా ప్లాస్టిక్ బుష్ వేయండి.

ట్రాక్టర్‌కి ట్రక్కుకి మధ్య, కెమెరాల కోసమే చేసిన స్ప్రింగు కేబులు కిట్టు దొరుకుతుంది, ట్రాక్టర్ వైపు ఒక సాకెట్, ట్రక్కు వైపు ఒకటి. లోపల వీడియోకి జల్లెడ తొడుగు విడిగా ఉంటుంది. మామూలు లైట్ల స్ప్రింగు కేబులు దీనికి పనికిరాదు. మర కనెక్టర్ని నేరుగా హుక్కు దగ్గర పెట్టారంటే, ట్రక్కు విడదీసేటప్పుడు ఒక్కసారి మర్చిపోతే కేబులే తెగి వస్తుంది. లాగితే ఊడే సాకెట్ అయితే ఊడిపోతుంది, అంతే. స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ పూర్తిగా తిప్పి చూడండి, కేబులు బిగుసుకోకూడదు, వేలాడి పీటీఓ షాఫ్టుకి (ట్రాక్టర్ వెనక ఇంజనుతో తిరిగే ఇరుసు) తగలకూడదు. జాకీ హోసు గొట్టానికి ట్యాగు వేసి పైకి పట్టి ఉంచండి.

కుడి ఎడమలు తారుమారైంది కెమెరాలో అద్దం బొమ్మ సెట్టింగు లేక. మానిటరు మెనూలో 'మిర్రర్' ఉంటే మార్చండి. లేదంటే కొన్ని కెమెరాల తోక దగ్గర రెండు చిన్న రంగు వైరు చుట్టలు ఉంటాయి, ఒకటి కోస్తే బొమ్మ తిరుగుతుంది, ఇంకోటి కోస్తే తెర మీద దూరం చూపే గైడు గీతలు పోతాయి. ఏ రంగు దేనికన్నది కంపెనీ కంపెనీకీ మారుతుంది, చీటీ చూసి కోయండి. మనిషిని ట్రక్కు కుడి మూల నిలబెడితే తెరలో కుడి పక్కే కనపడాలి, అదీ పరీక్ష. గైడు గీతలు ఎలాగూ తీసేయండి, అవి కారు డిక్కీ ఎత్తుకి గీసినవి.

---

లంక_బండి

గీతలు తీసేశాక సొంత గీతలు పెట్టుకోండి. ట్రక్కు వెనక బీము నుంచి 1, 2, 3 మీటర్ల దగ్గర నేల మీద, ట్రక్కు వెడల్పుకి ఒక్కొక్క కర్ర పడుకోబెట్టి, తెర మీద అవి కనపడే చోట సన్న రంగు టేపు అంటించండి. బరువుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి చూడండి. టైర్లు అణిగి కొంచెం తేడా వస్తుంది, బరువు గీతే ఉంచండి. బ్రాకెట్టు మార్చినప్పుడు ఈ గీతలు చెల్లవు.

అద్దం సంగతి. సున్నం తోలిన రోజే నీళ్ళు పోసి తుడవండి, ఎండిందంటే తెల్ల పొర కడుతుంది. అప్పుడు రెండు చుక్కల నిమ్మరసం రాసి, వెంటనే మంచినీళ్ళతో కడిగేయాలి. పొడిగుడ్డతో రుద్దితే ఇసుక గీతలే. ధనుర్మాసం మంచుకి అద్దం లోపల ఆవిరి పట్టి, ఎండెక్కినా పోలేదంటే సీలు పోయినట్టు. వారంటీ ఉంటే విప్పకుండా తిరిగిచ్చేయండి. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ బల్బుల మీద ఆధారపడకండి, దుమ్ములో వాటి వెలుగు తిరిగొచ్చి తెర తెల్లబడుతుంది. స్తంభానికి ఒక చిన్న ఎల్‌ఈడీ వర్కు లైటు పెడితే ఏరియేటర్ వైర్లు స్పష్టంగా కనపడతాయి. దాని ఎర్తు మాత్రం కెమెరాతో కలపొద్దు.

కనెక్టర్లు బిగించే ముందు సిలికాన్ గ్రీజు బఠాణీ గింజంత రాయండి. వ్యాజిలైన్ కొన్ని రకాల రబ్బరు రింగుల్ని ఉబ్బిస్తుంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి గట్టు గారూ. ఈ కెమెరా వెనక నేలని చూపిస్తుంది కానీ చక్రం గట్టు అంచుకి ఎంత దూరంలో ఉందో చూపించదు. వాన పడ్డాక నల్లమట్టి గట్టు అంచు పైకి బాగానే కనపడి కింద జారి ఉంటుంది. వానాకాలం బరువు బండి వెనక్కి తెచ్చేటప్పుడు మనిషిని పెట్టుకోవాల్సిందే. మానిటర్‌కి రెండో కెమెరా ఇన్‌పుట్ ఉంటే, ఎడమ చక్రం వైపు తిప్పి ఇంకోటి తర్వాత వేయించుకోండి.

---

ఆకివీడు_గట్టు

ఎర్తు మార్చాకండీ ఇండికేటరు వేసినా బొమ్మ నిలకడగా ఉంది. మానిటర్‌కి రెండో ఇన్‌పుట్ ఉంది. మడ్‌గార్డు కింద పెడితే బురద కొట్టదా?

---

పాలకొల్లు_షెడ్డు

కొడుతుంది. మడ్‌గార్డు కింద కాదు, ట్రక్కు ముందు పలక ఎడమ మూలకి, తొట్టి అడుగు ఎత్తులో, వెనక్కి చూసేలా పెట్టండి. చక్రం, గట్టు అంచు రెండూ ఒకే బొమ్మలో పడతాయి. తొట్టి దాటి బయటికి మూడంగుళాలకి మించి రాకూడదు, కొబ్బరి చెట్టు మొదలుకి తగిలి ఊడుతుంది.