గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఏం పెట్టి ఇవ్వాలి? చిన్న ఊరికి కొత్తగా వచ్చాం, కొంచెం చెప్పండి

కొత్తగా_బొబ్బిలి:

అందరికీ నమస్తే. మావారికి బ్యాంకులో ట్రాన్స్‌ఫర్ అయ్యి ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి బొబ్బిలి వచ్చాం. నేను పుట్టి పెరిగింది కూకట్‌పల్లిలో, పెళ్ళయ్యాక నిజాంపేటలో ఫ్లాటు, ఇలా వీధిలో ఇల్లు, వాకిట్లో ముగ్గు, పిట్టగోడకి అటుపక్క మనుషులు, ఇవన్నీ నాకు కొత్త.

సామాన్ల లారీ దిగిన రోజు గ్యాస్ ఇంకా రాలేదు. పక్కింటి మామ్మగారు పొద్దున ఫ్లాస్కుతో టీ, మధ్యాహ్నం అన్నం, పప్పు, ఇంగువ చారు పంపించారు. ఇంక అక్కడినుంచి ఆగలేదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ఎండలు మొదలయ్యాక చోడంబలి (ఇక్కడ రాగుల్ని చోళ్ళు అంటారు), భీమాలి నుంచి వాళ్ళ చుట్టాలు తెచ్చిన మామిడి తాండ్ర, మే నెలలో వాళ్ళ పెరట్లో పండిన పనస తొనలు ఒక బేసిన్ నిండా.

నేను గిన్నెలు శుభ్రంగా తోమి ఇచ్చేసేదాన్ని. మా అమ్మకి ఫోన్లో చెప్తే ఖాళీ గిన్నె ఇస్తావా అని గట్టిగా తిట్టింది. దాంతో కంగారుపడి స్వీట్ షాపులో 450 రూపాయలు పెట్టి కాజు బర్ఫీ బాక్సు కొని, మిగిలిపోయిన గిన్నెలన్నీ కలిపి తీసుకెళ్ళి ఇచ్చా. ఆవిడ తీసుకున్నారు గానీ ముఖం మారింది. "ఏటమ్మా ఇది, లెక్క తీర్చీసినట్టు తెచ్చినావు" అన్నారు.

వారం నుంచి ఏం రాలేదు. కనపడితే నవ్వుతున్నారు, పలకరిస్తున్నారు, అంతే. నాకు కూర రాలేదని కాదండీ బాధ, ఆ నాలుగు నెలలూ ఈ ఊళ్ళో నాకు ఒక ఇల్లుందనిపించింది, ఇప్పుడు మళ్ళీ అద్దెకొచ్చిన మనిషినైపోయాననిపిస్తోంది. నేను చేసిన తప్పేంటి, ఎలా సర్దుకోవాలి?

గోదారిగట్టు:

అమ్మాయ్, మాది నరసాపురం, నాకు 61 ఏళ్ళు, నీ తప్పేం లేదు గానీ ఆవిడ ఎందుకలా అన్నారో చెప్తా విను.

ఆవిడిచ్చిన గిన్నెల మీద పేరు చెక్కి ఉందేమో గుర్తు తెచ్చుకో. మా రోజుల్లో స్టీలు సామాను ఏది కొన్నా చుక్కల అక్షరాలతో పేరో ఇంటిపేరో చెక్కించకుండా ఇంటికి తెచ్చేవాళ్ళం కాదు, నా దగ్గర 1984 అని ఏడాది కూడా వేసిన డబ్బా ఉంది. ఎందుకంటే గిన్నె మనింట్లో కూర్చోదు, నాలుగిళ్ళు తిరుగుతుంది, ఎక్కడున్నా ఎవరిదో తెలియాలి కదా. అలాంటి గిన్నెని ఖాళీగా ఇవ్వకూడదంటే ఏదో విలువైంది పెట్టమని కాదు. రెండు కరివేపాకు రెబ్బలు, గుప్పెడు మల్లెమొగ్గలు, ఏమీ లేకపోతే చిటికెడు పంచదార. మన ఇంట్లోంచి ఏదో ఒకటి వెళ్ళాలి, అంతే. నువ్వు కొట్లోంచి ధర చీటీ ఉన్న బాక్సు తెచ్చి, పైగా గిన్నెలన్నీ ఒకేసారి ఇచ్చేశావు. మా అత్తగారైతే ఒక గిన్నె ఎప్పుడూ ఆ ఇంట్లో ఉండిపోవాలనేవారు. అన్నీ తిరిగొచ్చేశాయంటే ఇంక రాకపోకలు అయిపోయినట్టేనని ఆవిడ లెక్క.

ఇప్పుడు నువ్వేం ఇవ్వకు, ఆవిణ్ణి ఏదన్నా అడుగు. ఇన్నాళ్ళూ తీసుకున్నావు గానీ నోరు తెరిచి ఎప్పుడూ అడగలేదు, అవునా? సాయంత్రం పాలు కాచి, మా ఇంట్లో తోడు అయిపోయింది పిన్నిగారూ ఒక చెంచా మజ్జిగ వెయ్యండి అని వెళ్ళు. దీపాలు పెట్టకముందే వెళ్ళు, కొంతమంది దీపాలు పెట్టాక తోడు బయటికివ్వరు, ఆవిడ ఇవ్వలేక ఇబ్బంది పడతారు. అలాగే ఉప్పు, నువ్వులు చేతిలో చెయ్యి పెట్టి ఇవ్వకు, కింద పెడితే వాళ్ళే తీసుకుంటారు. నీకు నమ్మకం లేకపోయినా ఆవిడ కోసం పాటించు.

మా వైపు సంక్రాంతికి అరిసెలు ఒక్క ఇంటి పని కాదు. తడిపిండి దంచేవాళ్ళొకరు, బెల్లం పాకం చూసేవాళ్ళొకరు, నూనెలోంచి తీసినవాటిని చెక్కల మధ్య పెట్టి నొక్కేవాళ్ళొకరు, పాకం ముదిరిందంటే అందరి కష్టం పోయినట్టే, అందుకని వీధిలో ఎవరికి పాకం బాగా తెలుసో వాళ్ళని పిలుచుకునేవాళ్ళం. పిలిచినవాళ్ళ కంటే పిలిపించుకున్నావిడకే సంతోషం ఎక్కువ ఉండేది.

జగిత్యాల_బిడ్డ:

గోదారిగట్టు అమ్మ చెప్పింది వందకు వంద నిజం. మా దిక్కు బతుకమ్మ తొమ్మిది రోజులు గిదే నడుస్తది. సద్దుల నాడు పూలు నీళ్ళల్ల ఇడిసినంక అందరు కూసొని సత్తుపిండ్లు, పెరుగు సద్ది, పులిహోర ఒకలికొకలు పెట్టుకుంటరు, "ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం" అనుకుంట. ఇచ్చుడు ఎంత ముఖ్యమో పుచ్చుకున్న అని నోటితో చెప్పుడు గంతే ముఖ్యం. దసరా నాడైతే జమ్మి ఆకు పట్టుకొని ఇంటింటికి పోతం, దాన్నే బంగారం అంటం, ఏడాదంత మాట్లాడనోళ్ళ చేతిల గూడ ఆ ఆకు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటం. ఆకుకు ఎవ్వలు ధర కట్టరు గదా.

అక్కా మీ అమ్మగారు తెలంగాణోళ్ళే అయితే సర్వపిండి చేసి పట్కపో. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఎల్లిపాయ కారం, కలిపి సర్వ (అంటే గిన్నె) లోపల అడుగున మందంగ ఒత్తి సన్న మంట మీద కాలుస్తరు. గిన్నెకు అంటించి చేస్తరని కొన్ని ఊర్లల్ల గిన్నప్ప అని గూడ అంటరు. ఆ దిక్కు మస్తు మందికి ఎర్క లేదు, తప్పకుండ అడుగుతరు ఎట్ల చేసినవ్ అని.

కడప_రోడ్డు:

అక్కా మాది కడప. మా ఇంటికి ఎడమపక్క వైశ్యులు, వాళ్ళు మాంసం తినరు. రంజాన్‌కి షీర్ ఖుర్మా వాళ్ళకి ఇయ్యాలని మాయమ్మకి ఆశ, కానీ మన గిన్నెలో కాచింది వాళ్ళు తాగుతారో లేదో అని మొహమాటం. ఏం చేసిందంటే ఒక కొత్త గిన్నె కొని, దాన్ని పాలకి తప్ప దేనికీ వాడకుండా పైన అటకమీద పెట్టేసింది, ఏడాదికి ఒక్కరోజు దించేది. ఆ సంగతి ఆ పక్కింటి పెద్దమ్మకి నాలుగైదు ఏళ్ళ తర్వాత ఎట్లో తెలిసింది. ఆయమ్మ మా ఇంటికొచ్చి ఆ గిన్నె చూపించమని అడిగి, చూసి, ఏం మాట్లాడకుండా మాయమ్మ చెయ్యి పట్టుకునింది. నేను చిన్నోణ్ణి, వాకిట్లో నిలబడుకోని చూసినా.

ఉగాది రోజు దేవుని కడప గుడికి మా ముస్లింలు పోతారని మీరు వినే ఉంటారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, వెంకటేశ్వరస్వామి మా అల్లుడు అని లెక్క, బెల్లం, చింతపండు, బియ్యం ఎత్తుకోని పోతారు, పుట్టింటోళ్ళు తీసుకోనిపోయినట్టు. వంటింటి సామానే, చూడండి.

మీ మామ్మగారు మీ ఇంటి వస్తువు కోసం చూస్తాండారు, అంగడి వస్తువు కోసం కాదు.

పాత_క్వార్టర్స్:

ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి నేను రాస్తున్నా. మేం ఎస్సీలం, మా నాన్న ఉద్యోగంతో 5 చిన్న ఊళ్ళు తిరిగాం. ఇల్లు అద్దెకి అడిగినప్పుడే "మీరేవిట్లు" అనేవాళ్ళు. ఒక ఊళ్ళో పక్కింటావిడ మొదటి వారం రెండుసార్లు కూర పంపారు, మా అమ్మ ఎంత సంతోషపడిందో, తర్వాత ఆవిడకి మా కులం ఎవరో చెప్పారు, మా అమ్మ పంపిన పులిహోర గిన్నె మూత కూడా తీయకుండా వెనక్కి వచ్చేసింది. ఆ రాత్రి మాకు అదే పెట్టింది, ఎవరం ఏం మాట్లాడకుండా తిన్నాం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, ఆ పులిహోరలో పల్లీలెక్కువ వేసిందని కూడా గుర్తుంది.

అదే వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. మా వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, ఎండురొయ్యలు వంకాయ కూర అడిగి మరీ వడ్డించుకుని తినేది. ఆ ఊరు తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఆవిడ గొంతే ముందు వినపడుతుంది.

మామ్మగారితో మీ విషయం సర్దుకుంటుంది, దానికి బెంగ లేదు. కానీ మీ వీధిలో ఎవరింటికి గిన్నె వెళ్ళట్లేదో కూడా ఒకసారి చూడండి. మీరు కొత్తవాళ్ళు, అక్కడి అలవాట్లు తెలియనట్టే పంపించొచ్చు.

కొత్తగా_బొబ్బిలి:

లేటుగా రాస్తున్నా, రెండు నెలలైంది, మధ్యలో బాబుకి జ్వరం వచ్చి కుదరలేదు. అందరికీ చాలా చాలా థ్యాంక్స్.

గోదారిగట్టు పిన్నిగారూ, మీరు చెప్పినట్టే నాలుగున్నరకే వెళ్ళి తోడు అడిగా. మామ్మగారు మజ్జిగ కాదు, గడ్డ పెరుగే వేసి, పాలు ఎంత వేడిమీద ఉండాలో వేలు ముంచి చూపిస్తానని నాతోపాటు మా వంటింట్లోకి వచ్చేశారు. నాలుగు నెలల్లో ఆవిడ మా గడప లోపలికి రావడం అదే మొదటిసారి, అప్పుడు తట్టింది నాకు, నేనెప్పుడూ రమ్మనలేదు. గిన్నె మీద పేరు ఉంది, ఆవిడ పేరు కాదు, వాళ్ళ అత్తగారిది.

అమ్మది జనగామ, కాబట్టి సర్వపిండి నాకు వచ్చు. చేసి ఇచ్చిన మర్నాడే "ఆ రొట్టి ఎలా చేసినావు, మా కోడలికి కూడా నేర్పు" అని ఇద్దరూ వచ్చారు. ఇప్పుడు పొద్దున ఆరింటికి గోడ అవతల్నుంచి "అమ్మా, నాలుగు పచ్చిమిరపకాయలున్నాయా" అని పిలుస్తారు. ఆ పిలుపు వినడానికి నిద్ర లేచి ఎదురుచూస్తున్నానంటే నమ్మండి. ఎదురింటి వాళ్ళ బంధువులు గొల్లపల్లిలో వీణలు చేస్తారట, ఒకే పనస దుంగలోంచి మొత్తం వీణ తొలుస్తారట, చూపిస్తామని తీసుకెళ్ళారు కూడా.

పాత క్వార్టర్స్ గారూ, మీ మాట చదివి రెండు రోజులు ఏం రాయలేకపోయా. మా వీధి మలుపులో మున్సిపాలిటీలో పనిచేసే ఆవిడ ఉంటుంది, రోజూ మా వాకిలి ముందునుంచే వెళ్తుంది, నిజంగానే ఆ ఇంటికి ఎవరి గిన్నే వెళ్ళడం నేను చూడలేదు. శ్రావణ శుక్రవారం నాడు పూర్ణాలు పట్టుకెళ్ళా. ఆవిడ తీసుకోవడానికి చాలాసేపు తటపటాయించింది. వారానికి నా గిన్నె నిండా ఉడికించిన మొక్కజొన్న పొత్తులు తెచ్చింది. మామ్మగారు అప్పుడు మా అరుగు మీదే ఉన్నారు, ఒకటి తీసుకోమంటే పళ్ళు ఆడవమ్మా అన్నారు. పళ్ళ వల్లేనో కాదో నాకు తెలీదు. నేను అక్కడే కూర్చుని తిన్నా, ఆవిణ్ణి కూడా కూర్చోమన్నా, కూర్చుంది.

ఇంకొక్క సంగతి, బొబ్బిలిలో గానీ పార్వతీపురంలో గానీ స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కేవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో ఎవరికైనా తెలుసా? అరడజను గిన్నెలు కొన్నా, వాటి మీద నా పేరు వేయించాలి.