34 కిలోల జర్మన్ షెపర్డ్‌కు కొత్త ఇల్లు వెతుకుతున్నాము: అనుభవం ఉన్నవారు చెప్పగలరు

మూడో అంతస్తు (నిజాంపేట, హైదరాబాద్):
రెండేళ్ల క్రితం ఔటర్ రింగు రోడ్డు సర్వీసు దారి పక్కన, మెడలో తెగిన నైలాను తాడుతో, ఒంటి నిండా పిడుదులతో, ఎముకల గూడులా కనిపించిన కుక్కను ఇంటికి తెచ్చుకున్నాము. పేరు భైరవుడు. ఇప్పుడు వాడి బరువు 34 కిలోలు, వయసు సుమారు మూడున్నరేళ్లు. ఇంటి నుంచి పని చేసుకున్నన్నాళ్లు ఉదయం గంట, సాయంత్రం గంట తిప్పేవాడిని. గత జూన్ నుంచి రోజూ ఆఫీసుకు వెళ్లవలసి రావడం, అదే నెలలో మామగారికి పక్షవాతం వచ్చి మా ఇంట్లోనే ఉండవలసి రావడం వల్ల, వాడికి పొద్దున పావుగంట, రాత్రి పావుగంట మాత్రమే మిగిలాయి.

లిఫ్టు చప్పుడైనప్పుడల్లా నా చెప్పు ఒకటి నోట కరచుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు. లిఫ్టు పై అంతస్తుకు వెళ్లిపోతే చెప్పును అక్కడే వదిలేసి, తన తోకను తానే పట్టుకోవడానికి గుండ్రంగా తిరగడం మొదలుపెడతాడు. తలుపు చట్రం కింద టేకు చెక్క అరచేతి వెడల్పున గీరుకుపోయింది. ఇంతవరకు ఎవరినీ కరవలేదు కాని, మామగారిని చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు సంతోషంతో మీదికి దూకుతాడు, ఆ బరువుకు ఆయన తట్టుకోలేరు. శంకరపల్లి వైపు ఐదెకరాల ఫామ్‌హౌస్ ఉన్న పరిచయస్తులు ఒకరు "మాకిచ్చేయండి, హాయిగా పరుగెత్తుకుంటాడు" అంటున్నారు. ఇవ్వవచ్చునా?

నూజివీడు తోట:
తొందరపడి ఇవ్వకండి. నాలుగేళ్ల క్రితం మేము కూడా ఇలాగే, విజయవాడలో దొరికిన ఒక పెద్ద గ్రేట్ డేన్ సంకరపు కుక్కను, పన్నెండెకరాల మామిడి తోట ఉన్న దూరపు బంధువుకు సంతోషంగా అప్పగించి వచ్చాము. మూడు నెలల తర్వాత వెళ్లి చూస్తే, మోటారు షెడ్డు గుంజకు నాలుగడుగుల గొలుసుతో కట్టి ఉంది. మొదటి వారంలోనే పక్క తోటవారి మేకలను తరిమిందట, ఆ రోజు కట్టినవారు మళ్లీ విప్పలేదు. నీళ్ల తొట్టిలో పాచి పట్టింది. మెడపట్టీ చర్మంలోకి దిగిపోయి, విప్పబోతే వెంట్రుకలతో సహా ఊడి వచ్చింది. ఎకరాలు ఆయనవి, గొలుసు మాత్రం కుక్కది.

ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు. కేసు పెడదామన్న మా తమ్ముడికి ఆ అంకె చూపించి, కుక్కను బండిలో ఎక్కించుకుని తిరిగి వచ్చాము.

సూదిమందు (పశువైద్యశాలలో పదకొండేళ్లుగా సహాయకురాలిని):
మూడో అంతస్తు గారూ, ఇల్లు వెతికేలోపు ఒక పని చేయండి. తోక వెంట తిరగడం విసుగుతో మొదలైనా, కొన్నాళ్లకు మాన్పలేని అలవాటుగా ముదురుతుంది. తోక దగ్గర పుండు, చెవిలో చీము, తుంటి కీళ్ల నొప్పి వంటివి ఉన్నా కుక్కలు ఇలాగే తిరుగుతాయి కనుక ముందు డాక్టరుగారికి చూపించండి. పిడుదులు పట్టిన చరిత్ర ఉన్న కుక్క కాబట్టి, అప్పగించేలోపు రక్తపరీక్ష కూడా చేయిస్తే మంచిది.

ఇది గొర్రెల మందను కాచే పని కోసం జర్మనీలో తీర్చిదిద్దిన జాతి. రోజంతా ఎవరితోనో ఒకరితో కలిసి ఏదో ఒకటి చేయడం దాని నెత్తురులోనే ఉంది. అందువల్ల వాడికి కరువైనది స్థలం కాదని, పని, తోడు కరువయ్యాయని నా అభిప్రాయం. ఐదెకరాల్లో ఒంటరిగా వదిలినా కంచె వెంబడి అటూ ఇటూ తిరుగుతూ మొరగడమే చేస్తాడు. మీకున్న అరగంటలోనే ఒక పూట నడకను ముక్కుకు వదిలేయండి, అంటే వాడు వాసన చూసినంతసేపు మీరు ఆగాలి. రాత్రి భోజనాన్ని గిన్నెలో పెట్టకుండా, జొన్నరొట్టె ముక్కలను పాత గోనెసంచి మడతల్లో చుట్టి ఇస్తే, గిన్నెలో రెండు నిమిషాల్లో అయిపోయే తిండికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఎండాకాలంలో ఉప్పు వేయని పెరుగన్నాన్ని స్టీలు గిన్నెలో గడ్డ కట్టించి ఇవ్వండి, కాని ఉల్లిపాయ, ఎండుద్రాక్ష అందులో పొరపాటున కూడా పడకూడదు.

దీనితో మీ సమస్య తీరిపోతుందని చెప్పను. రోజుకు పది గంటలు తనతో గడిపే మనిషి లేని ఇల్లు అలాంటి కుక్కకు సరిపోదు. అయితే నెలరోజులు ఇలా చేస్తే, కొత్తవారు చూడడానికి వచ్చినప్పుడు వాడు కాస్త నిలకడగా కనిపిస్తాడు.

గోదారిగట్టు:
ఇంత ఆలోచన ఎందుకండీ? జర్మన్ షెపర్డ్ అంటే పోలీసు కుక్కే కదా, పోలీసు శాఖవారికి ఇచ్చేస్తే చక్కగా పని నేర్పుకుంటారు.

సూదిమందు:
గోదారిగట్టు గారూ, ఈ మాట మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది అంటారు. అక్కడ ఒక్కో కుక్కకు ఒక సంరక్షకుడిని జతచేసి, పిల్లగా ఉన్నప్పటి నుంచే శిక్షణ ఇస్తారు. గతం తెలియని మూడున్నరేళ్ల కుక్కతో మొదలుపెట్టే పని కాదది.

డాలస్ తెలుగు:
నేను టెక్సస్‌లో ఒక జంతు సంరక్షణ కేంద్రంలో శనివారాలు స్వచ్ఛందంగా పనిచేస్తాను. ఇక్కడి పద్ధతుల్లో మీకు పనికొచ్చేవి రెండే కనిపిస్తున్నాయి. మొదటిది, అప్పగింత కాగితం మీద "ఏ కారణం చేతనైనా పెంచలేకపోతే మూడో మనిషికి ఇవ్వకుండా తిరిగి నాకే ఇవ్వాలి" అని రాయించుకోవడం. రెండోది, కుక్క దుర్గుణాలను ముందే, తక్కువ చేయకుండా చెప్పడం. తలుపు గీకుతాడని ముందే తెలిసినవారు మొదటి వారంలో ఫోన్ చేసి "తీసుకెళ్లండి" అనరు. కొత్త ఇంట్లో తొలి మూడు రోజులు బెదురు, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు సొంతతనం అని మా వాళ్లు ఒక లెక్క చెబుతారు. అది ఉజ్జాయింపే అయినా, తీసుకునేవారికి ఓపిక నేర్పడానికి ఉపయోగపడుతుంది.

మూడో అంతస్తు:
అందరికీ ధన్యవాదాలు. ఫామ్‌హౌస్ వారికి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు మాత్రమే అడిగాను: రాత్రి వాడు ఎక్కడ పడుకుంటాడు, రోజూ వాడితో ఎవరు నడుస్తారు. రెండింటికీ "వాచ్‌మన్ చూసుకుంటాడు" అన్నారు. వద్దని మర్యాదగానే చెప్పాను. వాట్సాప్‌లో ఉచితంగా ఇస్తామని ఫొటో పెట్టగా ఒక్క రోజులో పధ్నాలుగు మంది ఫోన్ చేశారు, వారిలో తొమ్మిది మంది మొదట అడిగింది "జత కట్టించవచ్చా" అనే.

నూజివీడు తోట:
ఆ ఫొటో వెంటనే తీసేయండి. కుక్కపిల్లలను అమ్ముకునేవారు ఉచితం అన్న మాటకే వాలుతారు. ముందు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాసి చూడండి, ఫోన్లు వాటంతటవే తగ్గిపోతాయి.

మూడో అంతస్తు (పధ్నాలుగు వారాల తర్వాత):
మీరందరూ శ్రమ తీసుకుని రాశారు కనుక ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత. ఆపరేషన్ చేయించాము, ఏటా వేయించవలసిన రేబిస్ టీకా కూడా వేయించి పుస్తకంలో రాయించాము. రక్తపరీక్షలో పిడుదుల జ్వరం బయటపడి ఇరవై ఎనిమిది రోజులు మాత్రలు వాడవలసి వచ్చింది. వాడి చిరాకులో కొంత భాగం జ్వరానిదేనేమో అనుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. గోనెసంచి ఆట రోజూ ఆడించాము. తోక వెంట తిరగడం తగ్గింది కాని, లిఫ్టు దగ్గరికి చెప్పు తేవడం ఆగలేదు.

మా డాక్టరుగారి ద్వారానే హనుమకొండలో ఒక ఇల్లు కుదిరింది. ఆవిడ ఇంట్లోనే కుట్టుమిషను మీద పనిచేస్తారు, ఆయన ఆర్టీసీ డ్రైవరుగా పదవీ విరమణ చేశారు. పదకొండేళ్లు పెంచిన జర్మన్ షెపర్డ్ నిరుడు పోయిందట. పెరడు చాలా చిన్నది, మా హాలు కంటే పెద్దగా ఉండదు. అయితే ఇంట్లో మనిషి లేని గంట ఉండదు, ఆయన తెల్లవారుజామున ఐదింటికే చెరువు గట్టుకు బయలుదేరతారు. మొదటిసారి వారే వచ్చి మాతోపాటు వాడిని నడిపించారు. రెండోసారి మా ఇంట్లో సగం రోజు గడిపి, తలుపు చట్రం మీది గీతలను చేత్తో తడిమి చూసి "మాది ఇనుప తలుపులెండి" అని నవ్వారు. మూడోసారి మేము కారులో తీసుకెళ్లి, పదిహేను రోజుల గడువుకు ఒప్పుకుని వదిలి వచ్చాము. గడువు దాటి నెల అయింది. రెండో రాత్రి అన్నం ముట్టలేదని, నాలుగో రోజు నుంచి మిషను కింద, సరిగ్గా ఆవిడ కాళ్ల దగ్గరే పడుకుంటున్నాడని, చెప్పుకు బదులు ఇప్పుడు గుడ్డముక్కలు మోసుకొస్తున్నాడని చెప్పారు.

ఇప్పుడు మేము వెళ్లి చూడవచ్చునా? మా అమ్మాయి రోజూ అడుగుతోంది.

సూదిమందు:
ఇంకో నెల ఆగండి. ఇప్పుడు మీరు కనిపించి వెళ్లిపోతే వాడు మళ్లీ గుమ్మం దగ్గర ఎదురుచూపులు మొదలుపెట్టవచ్చు. మీ చెప్పు ఒకటి అక్కడికి పంపారా?

మూడో అంతస్తు:
పంపాము. ఉతకని దుప్పటితో కలిపి, వాడు వెళ్లిన రోజే. ఎడమకాలిది.