సముద్రంలో ఔట్‌బోర్డ్ ఇంజిన్ నీటి ధార ఆగిపోతే ఏం చేయాలి?

తార్నాక_తెరచాప:
హుస్సేన్‌సాగర్‌లో లేజర్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) నడిపే నలుగురం జనవరిలో విశాఖ నుంచి భీమిలి దాకా ఒడ్డు వెంబడే 22 అడుగుల కీల్ బోటులో (అడుగున బరువైన రెక్క ఉండే తెరచాప పడవ) వెళ్తున్నాం. తెరచాప పని వచ్చు, వెనక తగిలించే 6 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజినే కొత్త. నడుస్తుండగా దాన్ని చల్లబరిచి పక్కనుంచి చిమ్మే నీటి ధార ఆగిపోతే ఏ వరసలో చూడాలి? సిటీలో ఏమేం కొనుక్కోవాలి?

రాణిగంజ్_రెంచ్:
ముందు ఇంజిన్ బంద్ చేయండి. ఇంకో నిమిషం చూద్దాం అనుకోవద్దు. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌కు (నీళ్లు తోసే రెక్కల చక్రం) నీళ్లే కందెన. పొడిగా తిరిగితే కాసేపట్లోనే రెక్కలు కాలి ముక్కలవుతాయి. ఆ ముక్కలు పైకెళ్లి నీటి దారిలో ఇరుక్కుంటే కొత్త ఇంపెల్లర్ వేసినా ధార రాదు.

పడవ ఒడ్డు వైపు కొట్టుకుపోకుండా గాలి ఉంటే జిబ్ (ముందు తెరచాప) ఎత్తండి, లేకుంటే లంగరు వేయండి. 6 మీటర్ల లోతుకు 30 మీటర్లకు తక్కువ కాకుండా తాడు వదలాలి. అప్పుడు ఇంజిన్ పైకెత్తి ప్రొపెల్లర్‌కు కాస్త పైనున్న జల్లెడ చూడండి. ఎక్కువగా దొరికేది అక్కడ అతుక్కున్న ప్లాస్టిక్ కవరే.

జల్లెడ శుభ్రంగా ఉంటే ధార వచ్చే రంధ్రంలోకి మందపాటి నైలాన్ గాలపు తీగ దూర్చి కదపండి. పంపు బాగానే ఉన్నా అక్కడ ఇసుకో ఉప్పో గడ్డకట్టి మూసుకుంటుంది. ఇంజిన్ దించి న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి ఇరవై లెక్కపెట్టండి. ధార రాలేదా, ఆపేసి తెరచాప మీదే రండి.

అలల మీద ఇంపెల్లర్ మార్చే పని పెట్టుకోవద్దు. దాన్ని షాఫ్ట్‌కు పట్టి ఉంచే కీ గోరంత ఉంటుంది, నీళ్లలో పడితే ఇక అంతే. రేవు చేరాక రెక్కలకు సబ్బు నీళ్లు రాసి, షాఫ్ట్‌ను గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పుతూ పంపు హౌసింగ్ (పై డబ్బా) దించండి.

తీరపుగాలి:
ధార బాగానే వస్తూ పది నిమిషాలకు ఇంజిన్ ఆగిపోతే పెట్రోలు సంగతి చూడాలి. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ విప్పారా? ప్రైమర్ బల్బు (పెట్రోలు పైపులో చేత్తో పిసికే రబ్బరు బంతి) చప్పిడిగా నొక్కుకుపోతే ట్యాంకు వైపు మూసుకున్నట్టు. ఎంత పిసికినా గట్టిపడకపోతే పైపు జాయింటు దగ్గర గాలి పీలుస్తున్నట్టు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ లాగుతుంది, నెలల పాతది పోయొద్దు.

తార్నాక_తెరచాప:
థ్యాంక్స్ అన్నా. మరి వల చుట్టుకుంటే?

రాణిగంజ్_రెంచ్:
కిల్ కార్డ్ (పీకితే ఇంజిన్ ఆగిపోయే తాడు) పీకి జేబులో వేసుకున్నాకే కత్తి పట్టండి. పైకి కనిపించేది కోసి వదిలేయొద్దు తమ్ముడూ. ప్రొపెల్లర్ విప్పి దాని వెనక షాఫ్ట్ మీద చూడండి. సన్న దారం అక్కడ బిగుసుకుని ఆయిల్ సీల్‌ను కోసేస్తుంది. గేర్ ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే లోపలికి నీళ్లు చేరినట్టే. తెల్ల బెండ్లు వరసగా తేలుతుంటే అక్కడ వల ఉంది, చుట్టూ తిరిగి పోవాలి.

కొనాల్సినవి: మీ మోడల్‌కు సరిపడే ఇంపెల్లర్ కిట్, మీ ప్రొపెల్లర్‌కు ఉంటే షీర్ పిన్‌లు (దెబ్బ తగిలితే తామే విరిగి గేర్లను కాపాడేవి) మూడు, స్ప్లిట్ పిన్‌లు, స్పార్క్ ప్లగ్, హోస్ క్లాంప్‌లు. క్లాంప్‌లు రాణిగంజ్‌లో 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు అని గట్టిగా అడిగి తీసుకోండి. 304 ఉప్పునీటికి తొందరగా గుంటలు పడుతుంది. అయస్కాంతంతో ఆ తేడా తెలియదు.

తీరపుగాలి:
బయల్దేరే ముందు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) అలల సూచన చూడండి, ఆఫీసు మన ప్రగతినగర్‌లోనే. వీహెచ్‌ఎఫ్ రేడియోను ఆపద పిలుపుల ఛానల్ 16 మీదే ఉంచండి. ఫోన్‌లో కోస్ట్‌గార్డ్ 1554 నలుగురూ సేవ్ చేసుకోండి.