హెవీవెయిట్ కిక్‌బాక్సింగ్‌కు పై హద్దు ఉండాలా?

రింగ్‌సైడ్‌రాజు

గ్లోరీ అనే కిక్‌బాక్సింగ్ సంస్థ పోటీల్లో 95 కిలోలు దాటితే హెవీవెయిటే, ఆపైన ఎంతైనా ఉండొచ్చు. అంటే 96 కిలోలవాడూ 140 కిలోలవాడూ ఒకే బెల్టు కోసం కొట్టుకోవచ్చు. కింది తరగతుల్లో ఒక్క కిలో ఎక్కువ తూగినా గొడవ చేసే మనం ఇక్కడ 40 కిలోల తేడాకు నోరెత్తం. ఎందుకని?

జపాన్‌లో నడిచిన పాత కె-1 పోటీల్లో ఇంకా ఘోరం. 2002 నాటికి ఎర్నెస్టో హూస్ట్ గ్రాండ్ ప్రి, అంటే కె-1 పెద్ద టోర్నమెంట్, మూడుసార్లు గెలిచినవాడు. బరువు 110 కిలోల చుట్టుపక్కల. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి వచ్చిన బాబ్ సాప్ 150 దాటినవాడు, ఈ ఆటకు కొత్త. అక్టోబరులో ఒకసారి, డిసెంబరులో ఇంకోసారి హూస్ట్‌ను ఓడించాడు. మీదపడి మూలకు తోసి గుద్దడం తప్ప అతని దగ్గర వేరే ఏమీ లేదు. అంత నేర్చినవాడు అలా నలిగిపోవడం చూస్తే నాకు కడుపు మండింది. 110 దగ్గర గీత గీసి, పైవాళ్లకు సూపర్ హెవీవెయిట్ పెట్టాలని నా పట్టు.

మిడిల్‌కిక్

రాజు గారూ, సాప్ కథ సగంలో ఆపేశారు. డిసెంబరులో గెలిచాక గాయంతో సాప్ తప్పుకున్నాడు. అతని బదులు హూస్టే మళ్లీ రింగెక్కి ఆ రాత్రి టైటిల్ పట్టుకుపోయాడు. 2003 మార్చిలో సుమారు 100 కిలోల మిర్కో క్రోకాప్ ఎడమ చేత్తో ఒక్క స్ట్రెయిట్ పంచ్ వేస్తే సాప్ మొదటి రౌండ్‌లోనే కూలబడ్డాడు, కంటి చుట్టూ ఉండే ఎముక విరిగింది. 218 సెంటీమీటర్ల చోయ్ హాంగ్‌మాన్‌ను 2007లో యోకోహామాలో మైటీ మో కుడి చేత్తో పడగొట్టాడు. మో ఎత్తు 185 మాత్రమే! 200 కిలోలు దాటిన మాజీ యోకోజునా (సుమోలో అత్యున్నత హోదా) అకెబోనో సంగతి సరేసరి, సాప్ ముందే ఒక రౌండ్ నిలబడలేకపోయాడు.

బరువు ఉంటే సరిపోదు, దాన్ని తొమ్మిది నిమిషాలు మోయాలి కూడా. రెండో రౌండ్‌కి ఆయాసం, మూడో రౌండ్‌కి చేతులు కిందికి జారడం. అప్పుడు చిన్నవాడిదే రాజ్యం.

పొడుగుచెయ్యి

ఇద్దరూ బరువు దగ్గరే ఆగిపోయారు. అసలు చిక్కు పొడుగుతో, అదీ ఆట తెలిసిన పొడుగుతో.

సెమీ షిల్ట్ 212 సెంటీమీటర్లు, సుమారు 130 కిలోలు. అషిహారా కరాటే నుంచి వచ్చినవాడు. 2005, 2006, 2007, 2009ల్లో గ్రాండ్ ప్రి గెలిచాడు. 2009లో లే బానర్, బోనియాస్కీ, బదర్ హరి ముగ్గుర్నీ ఒకే రాత్రి మొదటి రౌండ్‌లోనే ముగించాడు. సాప్ లాగా దూకేవాడు కాదు. ఎడమ జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే గుద్దు), ఫ్రంట్ కిక్ (పాదంతో ఎదురుగా తన్నడం), మోకాలు. ఈ మూడింటితోనే ఎదుటివాడి ఆట కట్టేసేవాడు.

ఎలాగంటే, అతని ఫ్రంట్ కిక్ పొట్టలో దిగే దూరంలో మీరు వేసే లో కిక్ (కాలి మీద తన్ను) ఇంకా గాల్లోనే ఉంటుంది. అది దాటి వచ్చారా, జాబ్ మొహాన పడుతుంది. అదీ దాటి లోపలికి దూరి తల వంచారా, మోకాలు రెడీగా ఉంటుంది. 190 సెంటీమీటర్ల వాడి మోకాలు పొట్టకు తగిలే చోట అతని మోకాలు గడ్డానికి తగిలేది. 2005 ఫైనల్లో గ్లౌబే ఫెయిటోసా పడింది ఆ మోకాలికే, ఫెయిటోసా కూడా పొట్టివాడేం కాదు. రాజు గారూ, మీ 110 కిలోల గీత దీనికి మందు కాదు. బరువు తగ్గించుకోవచ్చు, పొడుగు తగ్గించుకోలేరు కదా.

మిడిల్‌కిక్

ఆ షిల్ట్‌నే పీటర్ ఆర్ట్స్ 2008లో సియోల్‌లో, మళ్లీ 2010 సెమీస్‌లో ఓడించాడు. 192 సెంటీమీటర్లు, రెండోసారి వయసు నలభై. వెనక్కి తగ్గితే చచ్చామని తెలిసి ముందుకే తోసుకెళ్లాడు, షిల్ట్ కాలు చాపుకునే జాగా ఇవ్వలేదు. నేను పదేపదే చూసే ఫైట్ అది.

రింగ్‌సైడ్‌రాజు

చూడండి మరి, తర్వాత ఏమైంది? అదే రాత్రి ఫైనల్లో ఓవరీమ్ చేతిలో ఆర్ట్స్ మొదటి రౌండ్‌లోనే పోయాడు. తనకంటే 20 కిలోలు ఎక్కువ బరువున్నవాడితో మూడు రౌండ్లు కొట్టుకున్నవాడికి ఇంకేం మిగులుతుంది? గెలిచినా మూల్యం చెల్లించింది చిన్నవాడే.

వరంగల్‌కోచ్

పిల్లలకు నేర్పేవాడిగా ఒక మాట. టీవీలో నాకౌట్లు చూసి బరువు గురించి మాట్లాడుకుంటున్నారు. బరువు తేడా ముందు బయటపడేది బ్లాక్ చేసిన దెబ్బల్లో. 120 కిలోలవాడి మిడిల్ కిక్‌ను (నడుం ఎత్తున తన్ను) 92 కిలోలవాడు రెండు చేతులతో పక్కాగా ఆపినా, రెండడుగులు పక్కకు జరిగిపోతాడు. కాళ్లు కుదురుకునేలోపు రెండో దెబ్బ వచ్చేస్తుంది. తిరిగి కొట్టే సందే ఉండదు. స్కోరు కార్డులో ఇది కనపడదు.

అదే సమయంలో బరువైనవాడి ముందు కాలు నేలకు అతుక్కుపోయి ఉంటుంది. లో కిక్ వచ్చినప్పుడు ఎత్తి చెక్ చేయడానికి, అంటే అడ్డుకోవడానికి, ఆలస్యమవుతుంది. తొడ మీద బయటివైపు నాలుగైదు పడ్డాయంటే అడుగు ఈడ్చడం మొదలుపెడతాడు. నేను చిన్నవాళ్లకు చెప్పేది ఇదే: తల జోలికి పోకు, ముందు కాలు తియ్యి, కొట్టిన వెంటనే పక్కకు జరుగు.

అయితే దీనికి ఏళ్ల సాధన కావాలి. వాకో (అంతర్జాతీయ కిక్‌బాక్సింగ్ సమాఖ్య) అమెచ్యూర్ పోటీల్లో చివరి తరగతి 91 కిలోల పైన. మన దగ్గర ఆ తరగతిలో ముగ్గురో నలుగురో వస్తారు. మొన్న మొన్న గ్లవ్స్ వేసుకున్న 93 కిలోల కుర్రాడికి 125 కిలోలవాడితో డ్రా పడుతుంది. వాళ్ల అమ్మానాన్నలు బయట కూర్చుని ఉంటారు. అక్కడ షిల్ట్, ఆర్ట్స్ కథలు నాకు పనికిరావు. ఇద్దరి మధ్య 20 కిలోలు దాటితే, తక్కువ బరువున్నవాడికి కనీసం పది ఫైట్ల అనుభవం ఉంటేనే రింగెక్కించాలి. లేదంటే వద్దు.

పొడుగుచెయ్యి

కోచ్ గారి మాటకు నా ఓటు. ప్రొఫెషనల్ గీత మాత్రం కె-1 ఒకసారి గీసి చూసింది. 2007లో 100 కిలోల వరకు హెవీవెయిట్, ఆపైన సూపర్ హెవీవెయిట్ అని రెండు బెల్టులు పెట్టారు, ఒకటి హరికి, ఒకటి షిల్ట్‌కి. అయినా జనం ఎదురుచూసింది ఇద్దరూ కలిసే గ్రాండ్ ప్రి కోసమే. ప్రమోటర్లకూ అదే కావాలి. 2003 డిసెంబరు 31న సాప్, అకెబోనో ఫైట్‌ను జపాన్‌లో కొన్ని నిమిషాలపాటు ఎన్‌హెచ్‌కే టీవీ ఏటా ఆ రాత్రి వేసే కోహాకు పాటల కార్యక్రమం కంటే ఎక్కువమంది చూశారు.

మిడిల్‌కిక్

గీత ఉండి ఉంటే ఆండీ హగ్ ఏమయ్యేవాడు? 180 సెంటీమీటర్ల మనిషి. 1995లో మైక్ బెర్నార్డో చేతిలో రెండుసార్లు చిత్తుగా ఓడి, 1996 ఫైనల్లో వెనక్కి తిరిగి మడమతో అదే బెర్నార్డో తొడ మీద కొట్టి పడేశాడు. అలాంటి రాత్రిని రూల్ బుక్కుతో చంపేస్తారా?

రింగ్‌సైడ్‌రాజు

హగ్‌కు అప్పటికే బోలెడంత అనుభవం. కోచ్ గారి నిబంధన అతన్ని ఆపదు, నా గీత కూడా ఆపదు, ఎందుకంటే బెర్నార్డో సాప్ అంత బరువు లేడు. 110 కాకపోతే 120 అనండి, బేరానికి సిద్ధమే. ఒకే రాత్రి మూడు ఫైట్ల టోర్నమెంట్‌లో మాత్రం 40 కిలోల తేడా ఉన్న జోడీని కలపడానికి నేను ఒప్పుకోను.